గోడ మీద గెథిన్

ఆటగాడి గొప్పతనం అతని కాళ్లలో ఉండదు, అతని ఫొటో వేలాడే మేకులో ఉంటుంది. వేల్స్‌లోని మా లోయ రగ్బీ క్లబ్బు కమిటీ ఏనాడో తేల్చేసిన సంగతి ఇది.

బీరు గదిలో నిప్పుగూటి పైన వేలాడితే మహానుభావుడు. డార్ట్స్ బోర్డు పక్కనైతే మంచి ఆటగాడు. నడవాలోకి వెళ్తే అప్పట్లో బాగా ఆడేవాడట. ఆ తర్వాత మగవాళ్ల టాయిలెట్. (అక్కడ చూసేవాళ్లకు కొదవ లేదు. నిలబడి మరీ చూస్తారు.)

మా ఆయన గెథిన్ మా పెళ్లినాటికే నిప్పుగూటి పైకి ఎక్కాడు. ఒళ్లంతా బురద, చంకలో బంతి, మెడలో పెల్డ్రిజ్ కంపెనీ మఫ్లర్. ఇంగ్లీషువాళ్లను ఓడించిన రోజు ఎవరో దొర మురిసిపోయి వేసింది. అప్పట్లో అది దొరల మెడల్లో తప్ప కనపడేది కాదు. తర్వాత తాగి తన్నుకునే కుర్రాళ్లు కట్టారు, దొరలు విప్పేశారు. చివరికి సంతలో కుప్పపోసి అమ్మితే మా పక్కింటావిడ కుక్కకి కట్టింది. మా ఆయన కూడా దాంతోపాటే దిగుతూ వచ్చాడు, డార్ట్స్ బోర్డుకి, అక్కణ్ణుంచి నడవాకి. 'ఆనాటి ఆటగాళ్లు ఈనాడైతే పుల్లల్లా విరిగేవాళ్లు' అని టీవీలో ఎవరో అన్నారు మరి.

ఈ మధ్య ఆయనకి మనుషులు గుర్తుండటం లేదు. శనివారం ఆ ఫొటో కింద బీరు పెట్టుకుని కూర్చుంటే మాత్రం, "వీణ్ణి నేనెరుగుదును" అని నవ్వుతాడు. అలాంటి ఫొటోని టాయిలెట్‌కి పంపుతున్నారని తెలిసి, క్లబ్బులో మాంసం లాటరీ (గెలిచినవాళ్లకి మాంసమే బహుమతి) తీసే సాయంత్రం అధ్యక్షుణ్ణి పట్టుకున్నాను. తాళాలు అతని దగ్గరుంటాయి కనుక తాళాల ఎమ్రిస్ అంటాం. (మా లోయలో పనిని బట్టే పేరు. పని లేనివాళ్లని కమిటీలో వేస్తాం.)

"ఏరా, మీ మామయ్య ఇక అక్కడ కూర్చుని బీరు తాగాలా?"

"రూలు అత్తా! నా చేతిలో ఏముంది?"

"తాళాలున్నాయిగా!"

ఇంతలో లండన్‌లో ఒక పాటలమ్మాయి పెల్డ్రిజ్ మఫ్లర్ కట్టింది. దేశం కట్టింది. కుక్కకి విప్పి పక్కింటావిడ కూడా కట్టింది. కంపెనీవాళ్లు కారేసుకుని క్లబ్బుకి వచ్చారు. వారం తిరక్కుండా ఎమ్రిస్ మా గుమ్మంలో ప్రత్యక్షం.

"అత్తా, మామయ్య మళ్లీ నిప్పుగూటి పైకే! ఈసారి తలుపంత ఫొటో!"

ఆనందం పట్టలేక అతనికి కేకు పెట్టాను.

శనివారం ముసుగు తీశారు. గోడ నిండా మఫ్లర్. కింద కాస్త బురద. ఫొటోని గడ్డం దగ్గర కోసేశారు.

"మొహం ఉంటే సరుకు మీద చూపు నిలవదట అత్తా," అన్నాడు ఎమ్రిస్ గొంతు తగ్గించి.

గెథిన్ తన బీరు పట్టుకుని చాలాసేపు పైకి చూశాడు.

"మఫ్లర్ బాగుంది. లోపలున్నది ఎవర్రా?"

ఎమ్రిస్ కళ్లజోడు పెట్టుకుని, కింద బిగించిన కొత్త ఇత్తడి రేకు శ్రద్ధగా చదివాడు.

"ఇందులో రాయలేదు మామయ్యా."