మా వదిన పర్మనెంట్ టెంపరరీ

ఇంగ్లీషు భాష లోకానికి చేసిన మేలు ఒక్కటే ఒక్కటి. అది ఆక్సిమోరాన్! ఒప్పుకోనివాళ్లు ఇక్కడితో ఆపేసి పక్క పేజీలో వాతావరణం చదువుకోవచ్చు.

ఆక్సిమోరాన్ అంటే ఏదో మందుబిళ్ల అనుకునేరు. కాదు. ఉప్పూ నిప్పూలా ఉండే రెండు మాటలకు ముడిపెట్టి, ఒకే గదిలో కాపురం పెట్టించడం. ఓపెన్ సీక్రెట్ అంటాం. అందరికీ తెలిసింది రహస్యం ఎలా అవుతుంది? ఒరిజినల్ కాపీ తెమ్మంటారు. అసలుదైతే నకలు ఎందుకవుతుంది? అడిగితే మనకే ఇంగ్లీషు రాదంటారు.

నా ప్యాంటును మా టైలర్ 'లూజ్ టైట్ ఫిట్టింగ్'లో కుట్టాడు. కూర్చుంటే ఊపిరాడదు, నిలబడితే జారిపోతుంది. ఆయన మాట తప్పలేదు కదా! మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ పెట్టేవన్నీ అందరూ తప్పనిసరిగా రావాల్సిన ఆప్షనల్ మీటింగులే. రానివాళ్లను ఆయన పల్లెత్తు మాట అనడు. మర్నాడు వాళ్ల కుళాయికి నీళ్లు రావు, అంతే.

ఇవే లేకపోతే మన గతి ఏమిటి? అయినదానికీ కానిదానికీ నిజం చెప్పాల్సి వచ్చేది!

ఈ భాగ్యం అందరికన్నా ఎక్కువగా దక్కింది మా వదినకు. ఆవిడ ఒక ఆఫీసు రికార్డు రూములో పన్నెండేళ్లుగా పర్మనెంట్ టెంపరరీ. ఎనభై తొమ్మిది రోజులు పనిచేయించుకుంటారు. తొంభయ్యో రోజు తీసేస్తారు. మర్నాడు కొత్త ఆర్డరు ఇచ్చి మళ్లీ చేర్చుకుంటారు. తొంభై రోజులు వరుసగా చేస్తే పర్మనెంట్ చేయమని అడిగే హక్కు వస్తుందట. ఆ హక్కు ఆఫీసుకు వచ్చే వేళకు మనిషి ఇంట్లో ఉండేలా చూసుకుంటారన్నమాట. ఎంత ముందుచూపు!

ఇంట్లో ఉన్నంత మాత్రాన వదిలేస్తారనుకున్నారా? ఆ రోజు పొద్దుటి నుంచీ ఫోన్లే. ఫలానా ఫైలు ఎక్కడ, ఫలానా బీరువా తాళం ఎక్కడ అని. వదిన భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, బట్టలు ఆరేస్తూనే, కిటికీ పక్క మూడో ర్యాకు, కింది నుంచి రెండో వరస, ఆకుపచ్చ అట్ట అని చెప్పేస్తుంది. దీన్నే వర్కింగ్ హాలిడే అంటారు. మా అన్నయ్య ఒకసారి విసుక్కుంటే నేనే సర్దిచెప్పాను. పనిలేని ఉద్యోగాలు ఇన్ని ఉన్న లోకంలో ఉద్యోగంలేని పని దొరకడం అదృష్టం కాదా?

ఈమధ్య ఆ ఆఫీసు మేనేజరు పెద్దాఫీసుకు ఒక లెటర్ రాశాడు. రికార్డు రూములో పని నామమాత్రం, పర్మనెంట్ మనిషి అక్కర్లేదు, ఉన్న టెంపరరీని కూడా వచ్చే నెల నుంచి తీసేయవచ్చు అని. దాన్ని టైపు చేసి, నంబరు వేసి, కాపీని ఫైల్లో పెట్టింది ఎవరనుకున్నారు? మా వదినే! ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సంగతి చెప్పి, భోజనం చేయకుండానే పడుకుంది. నాకు మనసు చివుక్కుమంది. కాలమిస్టును కదా, పైకి మాత్రం ఏదో జోకు వేశాను.

లెటర్‌లో రాసింది నిజమో కాదో చూడటానికి పెద్దాఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు, సరిగ్గా తొంభయ్యో రోజున. రాగానే ఆ ఫైలు తెమ్మన్నాడు. మేనేజరు, ఇద్దరు గుమాస్తాలు కలిసి రికార్డు రూమంతా గాలించారు. కట్టలు దింపారు, దుమ్ము దులిపారు, తుమ్మారు. ఫైలు లేదు. వదిన అక్కర్లేదని చెప్పే కాగితం వదిన లేకుండా దొరకడం లేదు!

ఫోన్ మోగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మేనేజరు గొంతు నాకూ వినిపిస్తోంది. ఒక్క నిమిషమమ్మా, ఆ ఫైలు ఎక్కడ పెట్టారో చెప్పండి చాలు అని బతిమాలుతున్నాడు.

వదిన తడిచేతులు టవలుకు తుడుచుకుంది.

"సార్, ఈ రోజు నేను మీ ఉద్యోగిని కాదండి. ఫైళ్ల సంగతులు బయటివాళ్లతో మాట్లాడకూడదని మీరే సర్క్యులర్ ఇచ్చారు. కావాలంటే చూసుకోండి, అది కూడా రికార్డు రూములోనే ఉంది."

పన్నెండేళ్లలో ఆవిడ తీసుకున్న మొదటి సెలవు అది.

ఇన్‌స్పెక్టరు సాయంత్రం దాకా కూర్చుని, ఆ పోస్టు చాలా అవసరమని రాసుకుని వెళ్లిపోయాడు. పది రోజులకు ఆర్డరు వచ్చింది. వదిన దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడను 'టెంపరరీ బేసిస్ మీద పర్మనెంట్' చేశారట.

"ఇంగ్లీషు మీద కాలమ్‌లు రాస్తారు కదా మరిదిగారూ, కాస్త చెప్పండి. తొంభయ్యో రోజు నేను ఆఫీసుకు వెళ్లాలా, ఇంట్లో ఉండాలా?"

ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను, మూడోసారి కళ్లజోడు తుడుచుకుని చదివాను. రెండు మాటలూ పక్కపక్కన హాయిగానే కూర్చున్నాయి. వాటి మధ్య మనిషి ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఎవరూ రాయలేదు. ఇంతసేపూ మీ ముందు పొగిడిన నోటితో, తెలియదు వదినా అన్నాను. సిగ్గేసింది.

వదిన గోడ మీది క్యాలెండర్లో రోజులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, తొంభయ్యో రోజు చుట్టూ గుండ్రంగా గీత గీసింది. ఆ రోజు ఫోన్ ఆఫ్ చేసి పెడుతుందట.