కృష్ణారావు తోటలో ఎలకల ముస్తాబు

జీడిపిక్కలు రాలే రోజులు. రాణి కూలీల ముఠా వచ్చి ఏరకపోతే వానకు తడిసి పాడవుతాయని, పలాస పక్కన తోట ఉన్న కృష్ణారావు బెంగ. ఆ ఉదయమే టెక్కలి నుంచి మాధురి కూడా వస్తానంది. ఎలకల ఒంటికి పట్టి నెత్తురు తాగే పిడుదులకూ, ఆ ఎలకల నెత్తురులోని రోగక్రిములకూ లంకె ఏమిటో తేల్చడం ఆ అమ్మాయి పరిశోధన. ముందురోజే తోటలో బోన్లు పెట్టి వెళ్ళింది.

"పిడుదులు కనబడితే రాణోళ్ళు తోటలో అడుగెడతారేటి?" అనుకుని కృష్ణారావు పెందరాళే లేచి, గేదెలకు చల్లే పిడుదుల మందు బోన్లలో పడిన ఎలకలకు పట్టించాడు. రాలిన పిడుదుల్ని దులిపేసి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు బోన్లను వరసగా సర్దాడు.

"ఎలకలకి ముస్తాబేటి? మతిగాని పోయిందా?" అంది భార్య నీలవేణి.

"నువ్వూరుకోయే. మన తోట పరువు."

పొద్దెక్కాక మాధురి వచ్చి ఎలకల చెవులూ తోకలూ వెతికింది. ఒక్క పిడుదూ లేదు. అరుగు మీద మైక్రోస్కోపు పెట్టి నెత్తురు చుక్క చూసింది. క్రిములు బోలెడు. ఆశ్చర్యపోయి తన గైడుకి ఫోన్ చేసింది.

"సార్, పిడుదులు అసల్లేవు, రోగం మాత్రం ఉంది! ఎలా అంటుకుందో తెలీట్లేదు."

మంచినీళ్ళకు వచ్చిన రాణి చెవిన ఆ మాట పడింది. నోటా నోటా కాశీబుగ్గ చేరేసరికి అది గాలిలో పాకే రోగమైంది. మధ్యాహ్నానికి ముఠా బుట్టలు దించేసింది.

"మావా, రేపట్నుంచి రాం. గాల్లో రోగమట గదా!" అంది రాణి.

కృష్ణారావు దారికి అడ్డంపడ్డాడు. "గాల్లో ఏటీ నేదే! మా ఎలకలకి పిడుదులున్నాయి! బుట్టలకొద్దీ ఉన్నాయి! నేనే మందేసి దులిపేసినాను!"

"పనికోసం అబద్దాలాడకు మావా."

విషయం తెలిసి మాధురి తల పట్టుకుంది. "ఇయాల్టి లెక్క దండగైపోయింది, బాబాయ్. మందెయ్యని ఎలకలు మళ్ళీ పట్టాలి."

మర్నాడు కృష్ణారావు ముఠాను బతిమాలి రప్పించాక, అందరి ఎదుటా కొత్త ఎలకల్ని చూశారు. చెవి నిండా పిడుదులు. "సూడండే! సూడండి!" అని కృష్ణారావు సంబరపడిపోయాడు.

"మరి పిడుదులెక్కువైతే రోగమూ ఎక్కువేనా, అమ్మా?" అని మాధురిని అడిగాడు.

"అలా అనలేం, బాబాయ్. ఒక్కోచోట ఒక్కోలా ఉంటాది. అందుకే ఇన్ని తోటలు తిరుగుతన్నాను."

రాణి నవ్వి బుట్ట నెత్తికెత్తుకుంది. "పిడుదుకి బయపడితే ఈ ఉద్దానం తోటల్లో పిక్కలేరగలమా? మా మేకలకి ఇంతకన్నా ఉన్నాయి. ముందే అడిగితే సెప్పీవోళ్ళం గదా, మావా."

ముఠా తోటలోకి దిగింది. ఆ తోటలో పిడుదంటే భయపడే ప్రాణి ఒక్కటేనని తేలింది. అది పంచె మోకాళ్ళపైకి ఎగగట్టి గట్టు మీదే నిలబడిపోయింది.