పదకొండు గ్రాముల మహాసంగ్రామము

గౌతమీ వైనతేయ ధారల నడుమ, నారికేళవనశ్యామలమై, వేసవి ఉక్కపోతకు సకలజనస్వేదసిక్తమైన కోనసీమలో, అమలాపుర నగరమున, కళాశాలా రసాయన ప్రయోగశాలయందు, మంగళవారము మధ్యాహ్నము మూడుగంటల వేళ జరిగిన ఘోరయుద్ధమును చెప్పెద. వినుడు, ఫ్యాను చప్పుడు అడ్డమైనచో ఆపి మరీ వినుడు!

ఆ రణరంగమునకు నాయకుడు అధ్యాపకశిఖామణి, పరిశోధనాపత్రసప్తకకర్త, డాక్టరు క్రాంతికుమార్. ఇసుకనుండి బరువు ఖనిజములను వేరుచేయు కొత్త యంత్రమును రూపొందించుటకై ఒక గనుల కంపెనీయు, దూరనగరపు పరిశోధనాలయమొకటియు, మన కళాశాలయు ఏకమయ్యెను. అందు మన వీరునికి దక్కిన మహత్కార్యమేమనగా, సముద్రపు నల్లయిసుకను సరిగ్గా ఐదువందల గ్రాములు తూచి, సంచి కట్టి పంపుట. అంతే! ఆ అంతే ఆయనవల్ల కాలేదు. పంపిన సంచి రెండుమార్లు తిరిగివచ్చెను. "చీటీ మీద ఐదువందలు, సంచిలో ఐదువందల పదకొండు; మూడవమారు తప్పినచో మీ కళాశాలను తొలగింతుము" అని పరిశోధనాలయము హుంకరించెను. పాపము, ఆ మహానుభావుడు త్రాసును అనుమానించెను, కొరియరువానిని అనుమానించెను, తుదకు ఆ పదకొండు గ్రాములు కోనసీమ గాలిలోని తేమయేనని నాలుగు పుటల సిద్ధాంతము రచించి పంపెను. సిగ్గుచేటు, అందు రెండు గ్రాఫులు కూడ కలవు.

నేడు మూడవ తూకము. త్రాసు ఐదువందలు చూపగానే ధీరుడు చీటీ వ్రాయుటకు అటు తిరిగెను. బీరువా అద్దములో ఏమి కనబడెను? ఓడలరేవులో ఇరువదియేండ్లు చేపలమ్మి, పిమ్మట లాబ్ అటెండరై, ఆ ఇసుకను స్వహస్తములతో మోసుకొచ్చిన ముత్యాలు, సంచి మూతి కట్టబోవుచు, చటుక్కున ఒక చిటికెడు ఇసుక అందులో వేసెను!

సింహగర్జన చేయబోయిన క్రాంతికుమారునకు మర్యాద అడ్డువచ్చెను.

"ఏంటండీ ముత్యాలుగారూ ఇది! నా పన్నెండేళ్ళ ప్రతిష్ఠ, ఈ కళాశాల కీర్తిధ్వజము, త్రిసంస్థాసంఘటితమహాప్రయత్నము, సమస్తమూ మీ చిటికెలో భస్మమైపోతున్నాయి కదండీ!"

"కొసరండి," అని ముత్యాలు నిశ్చలముగా పలికెను. "ఉత్త తూకం చేతిలో పెడతామేటండీ? బేరానికొచ్చినోళ్ళకే ఏసేదాన్ని. మీరు ముగ్గురూ కలిసి చేత్తన్నారు కదండీ. కలిసినోళ్ళకి ఎయ్యకపోతే పిసినారోళ్ళనుకోరూ?"

ముప్పది పుటల ఒప్పందపత్రమున ఇంత చక్కని మాట ఒక్కటి లేదు! పోనీ వద్దని గట్టిగా చెప్పుదమా? ఆమె చెయ్యి ఆమె మాటయే వినదు, ఇక ఈయన మాట వినునా? బయట కొరియరు బండి హారను మ్రోగుచున్నది.

"ఏదండీ, ఆ చిటికెడు ఒట్టి త్రాసు మీద వెయ్యండి."

పదకొండు. మరల వేయించెను. పదకొండు. మూడవమారును పదకొండే! ఓరి భగవంతుడా, అది చెయ్యియా, యంత్రమా!

అంతట మహామేధావి సంచినుండి ఇసుక తీసి, తీసి, నాలుగువందల ఎనభైతొమ్మిదికి దించి, త్రాసు మీదనే ఉంచి, చేతులు జోడించెను.

"ఇదేనండి తూకం. ఇప్పుడు మీ కొసరు వెయ్యండి."

"ఆయ్, అలా చెప్పండి మరి!"

చిటికెడు రాలెను. అంకెలు వణికెను, తడబడెను, నిలిచెను. ఐదువందలు! ముత్యాలు తృప్తిగా మూతి బిగించెను.

మూడవనాడు ఫోనులో సందేశము వచ్చెను: బరువు సరిపోయినది, స్వీకరించితిమి. జయము, జయము! సప్తపత్రకర్త, సిద్ధాంతకర్త, క్రాంతికుమార మహావీరుడు పదకొండు గ్రాముల ఇసుకపై దిగ్విజయము సాధించెను! ఆ సాయంకాలమే ప్రయోగ పుస్తకము తెరచి, "పద్ధతి" అను శీర్షిక క్రింద, అణకువతో ఇట్లు వ్రాసికొనెను: "నాలుగువందల ఎనభైతొమ్మిది గ్రాములు తూచవలెను. పిమ్మట ముత్యాలుగారిని పిలువవలెను."