టిప్పు వద్దన్న టోటో

"ఖరగ్‌పూర్‌లో జరగాల్సిన నేరాల్లో సగం, నేనున్నానన్న బయానికే ఆగిపోతన్నాయి," అని గోవిందరావు ఉప్మాలో చెంచా నిలబెట్టి ప్రకటించాడు.

"మరి మిగతా సగం?" అంది భార్య సత్యవాణి.

"నేనున్నానని ఆళ్లకింకా తెలీదు."

ముప్ఫై నాలుగేళ్లు రైల్వే వర్క్‌షాపులో పెట్టెలకు రంగులు వేసి రిటైరైన గోవిందరావుకి, పెన్షనుతో పాటు అపరాధ పరిశోధన కూడా మంజూరైందని గట్టి నమ్మకం. ఇంతవరకు ఆయన చేపట్టిన కేసులు మూడు. పోయిన గొడుగు, పోయిన పిల్లి, ఒక రాంగ్ నంబరు ఫోను. పిల్లి తనంతట తనే తిరిగొచ్చింది. తక్కిన రెండింటి దర్యాప్తు సాగుతూనే ఉంది. ఆయన అనుమానించిన ఇళ్లకు వెళ్లి క్షమాపణలు చెప్పే శాఖ సత్యవాణిది.

ఆ మంగళవారం సత్యవాణి పిన్ని కూతురు మీనాకుమారి హైదరాబాదు నుంచి వచ్చింది. ఈ ఊరికి రావడం ఆమెకు అదే మొదలు. రైలెక్కక ముందే గోవిందరావు ఆమె ఫోనుకి జాగ్రత్తలు పంపాడు. కొత్త ఊళ్లో ఎవరి మొహమూ చూడకూడదు. ఎవరికీ అసలు పేరు చెప్పకూడదు. బండివాడికి అసలు ఇల్లు అస్సలు చూపించకూడదు.

మీనాకుమారి అన్నీ పాటించింది. స్టేషన్‌లో టోటో ఎక్కి, అంటే ఆ బ్యాటరీ రిక్షా ఎక్కి, సుభాష్‌పల్లిలో గోవిందరావు ఇంటికి రెండు సందుల అవతలే ఎవరిదో గేటు ముందు దిగి, "ఇదే మా ఇల్లు" అన్నట్టు చెయ్యి చూపించింది. ఆ ఇంటి కుక్క ఒప్పుకోలేదు. టోటో డ్రైవరు రెండు సూట్‌కేసులూ మళ్లీ బండిలో పెట్టి, ఈసారి అసలు చిరునామా అడిగి, సామాను గోవిందరావు వరండా దాకా మోసుకొచ్చాడు. కిరాయి కాకుండా మీనాకుమారి ఇంకో యాభై చాపింది.

"లాగ్బే నా, దీదీ," అన్నాడతను. అక్కర్లేదని. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

"మా హైదరాబాదులో బండి రాకముందే ఫోనులో టిప్పు నొక్కించుకుంటారు బావా," అంది మీనాకుమారి ఆశ్చర్యంగా. "ఇక్కడ ఇస్తే ఒద్దంటున్నారు."

గోవిందరావు కళ్లు సగం మూసుకున్నాడు. అవి అలా మూసుకుంటే, ఇంకో ఇంటికి క్షమాపణ సిద్ధం చేసుకోవాలని సత్యవాణికి తెలుసు.

"ఈ ఊళ్లో పండగొస్తే పేపరోడికి బోక్షిస్, పాలోడికి బోక్షిస్. చెయ్యి సాపనోడు లేడు. అలాంటిది ఈడు ఒద్దన్నాడంటే ఏటి? ఇంతకన్నా పెద్దది కొట్టాలని సూస్తన్నాడు. మీనా, ఆడు నీ టిప్పు ఒద్దన్నాడు గానీ, నాకు టిప్పు ఇచ్చేసినాడు."

మర్నాడు పరిశోధన మొదలైంది. మే నెల ఎండలో గోవిందరావు బెంగాలీ వేషమని చెప్పి మంకీ క్యాపు తగిలించుకున్నాడు. సందు చివరికి చేరేలోగా ముగ్గురు, "గోవింద్‌దా, జ్వరమా?" అని పలకరించారు. అదే టోటో కనిపించగానే అనుమానం రాకుండా సత్యవాణిని పక్కన కూర్చోబెట్టుకుని ఖరిదా బజారుకి బేరమాడాడు.

"ఈడి సెవులు సూడు," అన్నాడు దారిలో, డ్రైవరు వీపుకి జానెడు దూరంలో. "నేరస్తులకి ఇలాగే అంటుకుపోయి ఉంటాయి."

"నెమ్మదిగా అనండి."

"తెలుగు ఆడికేటి తెలుస్తాది? ఆ మెడ సూడు. జైలు మెడ."

డ్రైవరు వీపు ఒక్కసారి కదిలింది. రోడ్డు మీద గతుకేమో అనుకుంది సత్యవాణి.

ఇంటికొచ్చాక గోవిందరావు చొక్కా లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ ఫైలు తీశాడు. టోటోలోంచి లాక్కొచ్చిన సాక్ష్యం. సత్యవాణి తల పట్టుకుంది.

"ఎవరి కాయితాలో ఏటో. ఇచ్చీయండి."

"ఇచ్చీడానికా సాహసం చేసినాను?"

లోపల గొలుసుకట్టు రాతలో ఒక కాగితం. పైన బెంగాలీ. గోవిందరావుకి బెంగాలీ మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. కింద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. ఆ సాయంత్రమంతా భూతద్దం పెట్టి కూర్చుని రహస్యం ఛేదించాడు.

"ఎఫ్.బి.ఎస్. అంటే ఫస్ట్ బ్రేక్ సుభాష్‌పల్లి. పి.పి. అంటే పక్కా ప్లాన్. హెచ్.బి. తొమ్మిది, అంటే హౌస్ బ్రేకింగు, తొమ్మిది ఇళ్లు. ఇదుగో, గురువారం మూడు గంటలు. రేపే."

మీనాకుమారి మొహం పాలిపోయింది. రెండు చేతుల గాజులూ తీసి బియ్యం డబ్బాలో దాచింది. ఆ రాత్రి సూట్‌కేసులు తలుపుకి అడ్డం పెట్టుకుని పడుకుంది.

గురువారం మధ్యాహ్నం డ్రైవరు నిజంగానే సందులోకి వచ్చాడు. బండి దిగి కాలవలోకి వంగి చూస్తున్నాడు, గోడల వెంబడి వెతుకుతున్నాడు. నిన్నటి నుంచి నిద్ర లేనట్టుంది మనిషి.

"ఇళ్లు లెక్కెడతన్నాడు," అన్నాడు గోవిందరావు కిటికీలోంచి. వెంటనే పొంచి ఉన్న ప్రమాదానికి వల పన్నాడు. బకెట్టు సబ్బునీళ్లు వరండా గచ్చు మీద గుమ్మరించాడు.

ఆ వలలో పడింది ఎదురింటి ఎవాంజలిన్. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ మజ్జిగ తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర కాలు జారి, వరండా చివరి దాకా కూర్చునే వెళ్లి బల్లని గుద్దుకుంది. బల్ల మీదున్న సాక్ష్యం ఆవిడ ఒళ్లో పడింది.

సత్యవాణి పరుగెత్తి లేవదీయబోయింది. ఎవాంజలిన్ లేవలేదు. నడుం పట్టుకునే కాగితం చదువుతోంది.

"వదినా, ఎవరిదిది?"

"ముఠాది," అన్నాడు గోవిందరావు.

"ముఠాకి షుగరేటి అన్నా? తినకముందు నూట ఎనబై ఆరు, తిన్నాక రెండొందల డెబ్బై నాలుగు. రక్తం తొమ్మిదే. మనిషి కళ్లు తిరిగి పడిపోతన్నాదని డాక్టరు రాసినాడు. ఈయాల మూడింటికి ఈ కాయితాలు పట్టుకుని రమ్మన్నాడు." గోడ గడియారం చూసింది. "రెండూ ఇరవై అయింది. ఎవరి మనిషి?"

 గేటు దగ్గర నుంచి జవాబు వచ్చింది.

"మా ఇంటిదానిదమ్మా."

డ్రైవరు. మాట అచ్చం విజయనగరం మాట. సత్యవాణికి నిన్న దారిలో అన్న ఒక్కొక్క ముక్కా గుర్తొచ్చి, చెవులు కాలాయి.

"నా పేరు ఎర్రయ్య. ఉండేది ఝపటాపూర్. నిన్న సారు దిగినాక ఫైలు అగుపించలేదు. అడుగుదామంటే మొహమాటమేసింది. నా సెవులు మంచివి కావన్నారు కదా."

గోవిందరావు తలమీద మంకీ క్యాపు లేకపోయినా దాన్ని సర్దుకోబోయాడు. "దర్యాప్తులో బాగంగా అన్న మాట అది," అన్నాడు.

సత్యవాణి ఫైలు తుడిచి రెండు చేతులతో ఇచ్చింది. 

మీనాకుమారి అడిగింది. "తెలుగువాడివై ఉండి ఆ రోజు నాతో బెంగాలీలో మాట్లాడేవేం? ఆ యాభై ఎందుకు ఒద్దన్నావు?"

ఎర్రయ్య ఫైలు చంకలో పెట్టుకున్నాడు.

"స్టేషను కాడ నుంచి ఫోనులో అక్కగారితో అంటూనే ఉన్నారు కదమ్మా. డ్రైవరు దొంగలాగున్నాడు, దిగినాక యాభై పడేస్తే ఎనకాల రాడు అని. ఆ యాభై పట్టుకుంటే నేను దొంగనే అయిపోతాను. మీ మాటలు తెలిసినాయంటే మీకు సిగ్గేస్తాదని బెంగాలీలో సెప్పినాను."

మీనాకుమారి తల వంచుకుంది. ఆ ఫోను అవతల ఊఁ కొట్టింది తనేనని సత్యవాణికి అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

"మాటలు తరవాత," అంది ఎవాంజలిన్ కుంటుతూ లేచి. "నేనొస్తాను, డాక్టరుకి నేను తెలుసు. అన్నా, నువ్వూ ఎక్కు. ఆమె పడిపోతే పట్టుకోడానికి మనిషి కావాలి."

సత్యవాణి కూడా ఎక్కింది. ఝపటాపూర్‌లో ఎర్రయ్య భార్య పోలమ్మ గడప మీద తయారుగా కూర్చుని ఉంది. ఆసుపత్రికి చేరేసరికి మూడుకి అయిదు నిమిషాలు తక్కువ. మెట్ల మీద ఆమెకు నిజంగానే కళ్లు తిరిగాయి. గోవిందరావే పట్టుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్లు రంగు డబ్బాలు మోసిన చేతులు, ఆ పని మాత్రం సరిగ్గా చేశాయి.

డాక్టరు మందులు మార్చాడు. రక్తం పట్టడానికి సూది పొడిపించాడు. గంట తర్వాత పోలమ్మ బయటికొచ్చి, బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న గోవిందరావుని చూసింది.

"ఈ బాబెవరు?"

క్షమాపణ చెప్పడానికి సత్యవాణి ముందుకు కదిలింది.

"ఫైలు దొరికిన బాబు," అన్నాడు ఎర్రయ్య.

అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. పోలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "మీరు సల్లగుండాల బాబూ. ఆ కాయితాలు పోయినాయని రాత్రంతా ఈడు ఏడిసినాడు."

గోవిందరావు బెంచీ మీద పక్కకి జరిగి ఆమెకు చోటిచ్చాడు. 

పోలమ్మ చీర చెంగు ముడి విప్పి, మడతలు పడ్డ పది రూపాయల కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. "టీ తాగండి బాబూ."

"ఒద్దొద్దు," అన్నాడు గోవిందరావు, లేచి నిలబడి.

"తీసుకోండి సార్," అన్నాడు ఎర్రయ్య నిదానంగా. "ఒద్దంటే మా ఇంటిదానికి అనుమానమొస్తాది."