లెటర్ ఫాలోస్

ఇంటికి ఉత్తరాలు రాసే బిడ్డల్ని కన్న తల్లులను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, ఏం సుఖపడ్డారు వాళ్లు? వారానికొక ఉత్తరం వస్తుంది. బాగున్నానంటుంది, అన్నం తిన్నానంటుంది, జలుబు తగ్గిందంటుంది. ఇక ఆ తల్లి దేన్ని తలచుకొని గుండె పట్టుకోవాలి? ప్రార్థనలో దేవుణ్ణి ఏమని అడగాలి?

నాకా కరువు లేదు. మా లూదియా యూనివర్సిటీలో ఆనర్స్ చదువుతోంది. మా ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాలకు పోయి, అక్కడ రైలెక్కి, డోన్‌లో ఇంకో రైలు మారి, ఆ రైలుకే విసుగు పుట్టేదాకా కూర్చుంటే ఆ ఊరొస్తుంది. పిల్ల పోయి రెండేళ్లయింది. వచ్చిన ఉత్తరాలు మూడు. అందులో ఒకటి, తువ్వాల మరిచిపోయాను పంపమని. కానీ టెలిగ్రాములు? ఆరు! ఆళ్లగడ్డలో ఏ తల్లికి వచ్చాయి ఆరు టెలిగ్రాములు?

మా వీధిలో టెలిగ్రాంకు అర్థం ఒకటే. ఎవరో పోయారని. పోస్ట్‌మ్యాన్ గురుస్వామి మామూలు రోజుల్లో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వస్తాడు. టెలిగ్రాం ఉన్న రోజు బెల్లు కొట్టడు. అది ఆయన మర్యాద.

మొదటిసారి ఆయన అట్లా చప్పుడు లేకుండా వచ్చి, మా గడప ముందు సైకిల్ దిగి, తలవంచుకొని నిలబడ్డాడు. నేను కాగితం కూడా చూడలేదు, కూలబడ్డాను. పక్కింటి నాగేశ్వరమ్మ పొయ్యి మీది పప్పు పొయ్యి మీదే వదిలి వచ్చి రాగం అందుకుంది. కాగితంలో ఉన్నది ఇంగ్లీషు. నేను చదివింది ఐదో తరగతి. అది చదవాలంటే సామ్యేలు సారు రావాలి. సారు రావాలంటే బడి వదలాలి. అంతదాకా వీధి వీధంతా మా లూదియాను తలచుకొని ఏడ్చింది. ఎంత నెమ్మదైన పిల్ల! బావి దగ్గర ఒక్కనాడైనా బిందె తగువు పడిందా!

సారు వచ్చి, అద్దాలు తుడుచుకొని చదివారు. "ఫస్ట్ ప్రైజ్ డిబేట్. లెటర్ ఫాలోస్."

"అంటే ఏంది సార్?"

"మాట్లాడే పోటీలో ఫస్టొచ్చిందంట కృపమ్మా. ఉత్తరం ఎనకాల వస్తాందంట."

చూశారా! బతికున్న బిడ్డ గురించి ఊరంతా అన్ని మంచి మాటలు చెప్పుకోగా విన్న తల్లి ఇంకెవరైనా ఉన్నారా? ఉత్తరాలు రాసే బిడ్డ తల్లికి దక్కుతుందా ఈ భాగ్యం?

ఇంతకీ వెనకాల వస్తుందన్న ఆ ఉత్తరం ఇప్పటికీ రాలేదు. పాపం, డోన్‌లో రైలు తప్పిపోయిందేమో!

రెండో టెలిగ్రాం హాస్టల్ మెస్సుకు సెక్రటరీ అయిందని. రెండు వందల మంది ఆడపిల్లలు ఏం తినాలో మా లూదియా చెప్తుందట. ఇంట్లో అన్నం వార్చమంటే గంజితో పాటు అన్నమూ వార్చిన పిల్ల! ఆ రెండు వందల మంది తల్లుల కోసం కూడా ఆనాటి నుంచి నేనే ప్రార్థన చేస్తున్నాను. మూడోది బ్యాడ్మింటన్ కప్పు. దానికి నాగేశ్వరమ్మకు బాగా కోపమొచ్చింది. "ఏందక్కా, ఈసారి కూడా ఫస్టేనా? నేను పప్పు మాడబెట్టుకొని వచ్చినా గదా!" అని కళ్లు తుడుచుకొని పోయింది. అదీ న్యాయమే. ఏడుపుకు సిద్ధపడి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపిస్తే ఎట్లా?

నాలుగోది సేవ. రక్తదానం చేసిందట, అందుకు సర్టిఫికెట్ ఇచ్చారట. మంచిదే. కానీ ఎవరి రక్తమది? పప్పుబెల్లాలు, చెనక్కాయలు పెట్టి పద్దెనిమిదేళ్లు నేను కష్టపడి చేసిన రక్తం! ఇచ్చేముందు ఒక్క మాట నన్నడగద్దా? ఆ సర్టిఫికెట్‌లో నా పేరుంటుందా అని సారునడిగాను. ఉండదన్నారు.

అయినా నేను ఫిర్యాదు చేయడం లేదు. గుండెకు ఇంత మంచి తాలీము ఎక్కడ దొరుకుతుంది? నాలుగైదు నెలలకొకసారి ఆగడం, సారు అద్దాలు తుడుచుకునేంతసేపు ఆగి ఉండడం, మళ్లీ కొట్టుకోవడం! ఉత్తరాలొచ్చే ఇళ్లల్లో గుండెలు పనిలేక బద్ధకించిపోయి ఉంటాయి.

ఇక ఐదోది అసలైన టెలిగ్రాం. రీసెర్చ్! తల్లుల ఆరోగ్యం మీద పరిశోధనకు మా లూదియాను ఎన్నుకున్నారట. క్యాంపు శిరివెళ్లలో, సోమవారం నుంచి పది రోజులు. లెటర్ ఫాలోస్.

"ఏం చేస్తారు సార్ ఆడ?"

"పల్లెల్లో అమ్మలు ఏం తింటాండారు, ఎట్లుండారు అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటారమ్మా."

"అడుగుతారా? అమ్మల్నా? మా లూదియానా?"

శిరివెళ్ల ఎంత దూరమనుకున్నారు? బస్సెక్కి టికెట్ తీసుకొని చిల్లర కొంగున ముడి వేసుకునేలోపల వస్తుంది. సోమవారం సాయంత్రం వస్తుందని పూర్ణం పెట్టి ఓళిగలు చేశాను. రాలేదు. మంగళవారం రాలేదు. జీపు పల్టీ కొట్టిందనుకున్నాను. బుధవారం రాలేదు. పాము కరిచిందనుకున్నాను. "క్యాంపు వదిలి రాకూడదని రూలుంటాదిలేవే. పనిమీద వచ్చిన పిల్ల" అన్నాడు మా ఆయన యాకోబు. మగవాళ్లకు పాములు అంత త్వరగా గుర్తుకు రావు. గురువారం మొదటి బస్సుకు నేను శిరివెళ్లలో దిగాను.

బడి వరండాలో ఆడవాళ్లు వరుసగా చాపల మీద కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోపల ఎవరో అమ్మాయి వచ్చి, "లైన్లో కూర్చోమ్మా, అందర్నీ పిలుస్తారు" అంది. దూరంగా బల్ల దగ్గర మా లూదియా. జీపు పల్టీ కొట్టలేదు, పాము కరవలేదు. పక్కన కళ్లజోడు మేడం నిలబడి ఉంది. పని చెడగొట్టానని మాట పడుతుందేమో బిడ్డ! అందుకని కొంగు తల మీదికి లాక్కొని కూర్చున్నాను. రెండు గంటలకు నా వంతు వచ్చింది.

"పేరు?" అంది తలెత్తకుండా.

"కృపమ్మ."

దానికి తలెత్తలేదు. మా తట్టు గుడిలో రాయి విసిరితే ఎవరో ఒక కృపమ్మకే తగులుతుంది.

"పిల్లలెంతమంది?"

"ఒకతే కూతురు."

"ఏం చేస్తాంది?"

"సదువుతాంది."

"ఏం సదువు?"

"అమ్మలు ఎట్లుండారో అడిగే సదువు."

పెన్ను ఆగింది. తలెత్తింది. ముఖం తెల్లబోయింది. "అమ్మా! ఈడికెందుకొచ్చినావ్? ఎవరికేమైంది? నాయనకు బాగుందా?"

నా బిడ్డే. సందేహం లేదు.

"ఎవరికీ ఏం కాలే. లైన్లో కూర్చోమన్నారు, కూర్చున్నా. నువ్వడుగు, ఎనక ఆడోళ్లుండారు."

మేడం ఇటే చూస్తోంది. లూదియా గొంతు సవరించుకొని అడగడం మొదలుపెట్టింది. ఇరవై రెండు ప్రశ్నలు!

"నిన్న పగలు ఏం తిన్నావ్?"

"సంగటి."

"దేంట్లోకి?"

"ఊరిబిండి."

"మొన్న?"

"అదే."

"నాయనకు పప్పు చేయలేదా?"

"చేసినా."

"మరి నువ్వు తినలేదా?"

"మిగిలితే గదా."

రాసుకుంది. రాసేటప్పుడు పెన్ను కొంచెం గట్టిగా ఒత్తింది.

"తల తిరుగుతాదా?"

ఈ ప్రశ్న కోసం నేను రెండేళ్లు కాచుకొని ఉన్నాను. "పొద్దున పొయ్యి కాడ నుంచి లేస్తే తిరుగుతాది."

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు రైలెక్కినప్పటి నుంచి."

"అట్ల రాయకూడదమ్మా. నెలల్లో చెప్పాల."

"రెండేళ్లకు నెలలెన్నో నువ్వే లెక్కేసుకో. ఆనర్స్ గదా!"

నవ్వబోయి ఆపుకుంది. దగ్గరికి వచ్చి, బొటనవేలితో నా కింది కనురెప్ప లాగి చూసింది. రక్తం తక్కువని ఫారంలో రాసుకుంది. బల్ల కిందినుంచి ఎర్రమాత్రల పొట్లం తీసి నా చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "దినామూ ఒకటి. నాయనకు పప్పు ఏసే ముందర నీకు ఏసుకో. సరేనా?"

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? ఫారం మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర ఇంకుతో గీత కొట్టింది!

"ఎందుకే?"

"నువ్వు శిరివెళ్ల దానివి కాదు గదమ్మా. ఈ ఫారం చెల్లదు."

అదీ పరిశోధనంటే! అదీ నిజాయితీ! ఇట్లాంటి బిడ్డను ఎవరు కన్నారు? నేనే. కానీ చెల్లను.

పారేసేదే గదా అని ఆ ఫారం అడిగి తెచ్చుకున్నాను. నూట పదిహేడో నంబరు. యాకోబు టెలిగ్రాములన్నిటికీ అద్దాలు కట్టించి గోడకు వేశాడు. ఈ ఫారం మాత్రం నా బైబిల్లో ఉంది. ఇది చదవడానికి సామ్యేలు సారు బడి వదలనక్కర్లేదు, అంతా తెలుగే. ఏం తిన్నావు, ఎట్లున్నావు, నిద్ర పడుతుందా, ఎవరైనా నీకు సాయం చేస్తారా. జవాబులన్నీ నా బిడ్డ చేతిరాతే. వెనకాల వస్తుందన్న ఉత్తరం ఇదేనేమో! నేనే ఎదురుపోయి తెచ్చుకోవలసి వచ్చింది, అంతే.

పోయిన వారం ఆరో టెలిగ్రాం వచ్చింది. నాగేశ్వరమ్మ పప్పు దించి, మూత పెట్టి, నిదానంగా వచ్చింది. శిరివెళ్ల పని అందరికీ నచ్చిందట. వచ్చే నెల క్యాంపు వెలుగోడులో. అది కూడా పూర్తయితే గోల్డ్ మెడల్ ఖాయమట. లెటర్ ఫాలోస్.

నా ఎర్రమాత్రలు అయిపోయాయి. నంద్యాలలో బస్సు మారితే వెలుగోడు ఎంతసేపు? అన్ని ఊళ్ల అమ్మలనూ రాసుకునే పుస్తకంలో, రక్తం తక్కువైన ఒక తల్లిగానైనా నేను ఉండద్దా? అందుకని ఈసారి ఊరేదని అడిగితే మేడం ముందే గట్టిగా, వెలుగోడే అని చెప్తాను. అబద్ధం పాపమే, నాకు తెలుసు. ఆదివారం గుడిలో లేచి నిలబడి ఒప్పుకుంటాను.

కాకపోతే, మెడల్ వచ్చాక.