హారన్ కొట్టని ముద్దాయి

నేనే పోయిన్నా, నన్ను తీస్కపోయిండ్రా?

చిట్యాలలో ఎక్కిన బస్సు నార్కట్‌పల్లి దాటుతుండగా ఉమారాణి ఈ ప్రశ్నను తనకు తాను మరోసారి వేసుకుంది. జవాబు చెప్పవలసిన ముద్దాయి ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. అతని పేరు నవీన్‌కుమార్. కోర్టు రికార్డు ప్రకారం ఆమెను అపహరించినవాడు. రేషన్ కార్డు ప్రకారం (అదీ ప్రభుత్వ రికార్డే) ఆమె భర్త. వాయిదా రోజున ముద్దాయి ఆకలికి ఆగలేడు కనుక బాధితురాలి ఒడిలో టిఫిన్ డబ్బా ఉంది.

న్యాయం ఆలస్యమవుతుందని నిందించేవారు న్యాయాన్ని దగ్గరగా చూసినవారు కారు. ఎక్కడికైనా బయలుదేరినవారికి కదా ఆలస్యమయ్యేది! జిల్లా కేంద్రంలోని అపహరణల ప్రత్యేక ఉపకోర్టు ఎక్కడికీ బయలుదేరదు. ఉన్నచోటనే ఉండి, కేసులు పెళ్లిళ్లుగా, పెళ్లిళ్లు పిల్లలుగా, పిల్లలు బడిపిల్లలుగా ఎదగడాన్ని నిర్వికారంగా గమనిస్తుంది. అక్కడ అపహరణ కేసు ముగియడానికి గౌరవప్రదమైన మార్గం ఒక్కటే: సాక్షులందరూ మరచిపోవాలి. ఫైలు దానంతట అది కనబడకుండా పోవడం కూడా మార్గమే గాని, అప్పుడు ఫైలును ఎవరు అపహరించారని ఇంకో కేసు మొదలవుతుంది (దానికి ఎవరూ ఏమీ మరచిపోనవసరం లేదు, ఎవరికీ ఏమీ తెలియదు).

ఉమారాణి కేసు కూడా మొదట్లో చిన్నదే. డిగ్రీ చదువు ముగిసి ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఆమె నవీన్‌కుమార్‌కు ఫోన్ చేసి, "పొద్దుగాల బండి తీస్కొని నువ్వొస్తవా, మీ ఇంటికి నేనే రావాల్నా?" అని అడిగింది. అతను వచ్చాడు. కేతేపల్లిలో గొర్రెలు కాసే ఆమె తండ్రి భిక్షం, పిల్లవాడు ఏ వాడకు చెందినవాడో తెలిసిన కోపంలో, తన బిడ్డను ఎత్తుకుపోయారని ఫిర్యాదు మీద వేలిముద్ర వేశాడు. మరునాడు ఉమారాణి స్వయంగా ఠాణాకు వెళ్లి తన ఇష్టంతోనే పోయానని చెప్పింది. రాసేవారు కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూశారు. బాధితురాలి ఇష్టానికి అందులో గడి లేదు. గడి లేని మాట చెప్పిన మనిషి వచ్చినట్టు రాసుకోవడం నిబంధనలకు విరుద్ధం కనుక, ఆమె రాలేదనే రాసుకున్నారు.

నెల తిరగకముందే భిక్షం కోపం దిగింది. కుల పెద్దలు కూర్చున్నారు, పొట్టేలును కోశారు, భిక్షం అల్లుడి కాళ్లు కడిగాడు. ఒక్క మధ్యాహ్నంలో అంతా ముగిసింది. ఇక ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని వెళితే, అపహరణ రాజీకి వీలున్న నేరం కాదని చెప్పి పంపారు. మనిషి కోపాన్ని నమోదు చేసుకోవడానికి రాష్ట్రానికి ఏర్పాటు ఉంది. అది దిగిపోయిందని నమోదు చేసుకోవడానికి లేదు.

అయినా ఇన్నాళ్లూ ఎవరికీ పెద్ద కష్టం కలగలేదు. వాయిదా అంటే అత్తవారివైపు మనుషులను కలుసుకునే ఒక సందర్భంగా స్థిరపడింది. కాని ఈ నెల నవీన్‌కుమార్‌కు కరెంటు శాఖలో లైన్‌మన్ కొలువు వచ్చింది. నెలాఖరులోగా చేరాలి. చేరాలంటే అతను ఏ కేసులోనూ ముద్దాయి కాదని పోలీసులు రాసివ్వాలి. ఈరోజు భిక్షం సాక్ష్యం. అల్లుణ్ని ఎరగనంటే కేసు కొట్టేస్తారు, అల్లుడు స్తంభం ఎక్కుతాడు. ఎరుగుదునంటే ఆ స్తంభం ఇంకొకరు ఎక్కుతారు.

కోర్టు వరండాలో ముద్దాయి తరఫు వకీలు దశరథం అప్పటికే భిక్షానికి మరపు నేర్పుతున్నాడు.

"మల్లొకసారి అడుగుతున్న. గీ పిలగాడెవరు?"

"మా అల్లుడు."

"అయ్యో! తెల్వదనాలె."

"కాళ్లు కడిగిన గద సారూ. కడిగిన కాళ్లను తెల్వదని ఎట్లంటరు?"

"కాళ్ల సంగతి ఎవ్వరు అడగరయ్యా. మొకాన్ని తెల్వదను, చాలు."

"మామా, జర ఇనుండ్రి," అన్నాడు నవీన్‌కుమార్. "నేనేమనుకోను. లోపట నన్ను తెల్వదనుండ్రి, బయటికొచ్చినంక మల్ల తెలుసుకుందురు."

"నువ్వనుకోవు బిడ్డా. ఊర్లె అనుకుంటరు, అల్లునికి కొలువొచ్చేసరికి మామకు మతి పోయిందని."

ఉమారాణి టిఫిన్ డబ్బా కింద పెట్టింది. "నాయినా, గప్పుడు కోపంల నన్నే తెల్వదన్నవు గద. గట్లనే అను."

భిక్షం నవ్వలేదు. "గది కోపం బిడ్డా. కోపంల అన్నది అబద్దం కింద రాదు."

పిలుపు వచ్చింది. భిక్షం గొంగడి మడిచి చేతి మీద వేసుకుని బోనెక్కాడు. మొదట్లో బాగానే మరచిపోయాడు. ఫిర్యాదు తెలియదు. వేలిముద్ర తెలియదు. ఠాణా ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. దశరథం ముఖంలో గురువుకుండే తృప్తి కనిపించింది. ప్రభుత్వ న్యాయవాది కాగితాలు సర్దుకుంటూ లాంఛనంగా చివరి మాట అన్నాడు.

"అంటే ఈ ముద్దాయి ఎలాంటి మనిషో మీకు తెలియదు."

భిక్షం అల్లుడి వైపు చూశాడు. తెలియదు అన్న మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోవడం ఉమారాణికి కనిపించింది.

"ఎసొంటోడో తెల్వకేం సారూ? గా పొద్దు నేను మందను రోడ్డు దాటిపిస్తున్న. లారీలోల్లు, కార్లోల్లు హారన్లు కొట్టుకుంట మీదికొస్తున్నరు. గీ పిలగాడు బండి ఆపి, ఇంజను బందువెట్టి, ఆఖరి గొర్రె దాటేదాంక నిలవడ్డడు. ఎనక హెల్మెట్ పెట్టుకొని కూసున్నది మా బిడ్డేనని నాకు గుర్తువడలె, తర్వాత తెలిసింది. మీరే ఆలోచన జెయ్యుండ్రి. పిల్లను తీస్కపోతున్నడు, పిల్ల తండ్రి ఎదురుంగనే ఉన్నడు, అయినా గొర్లకు హారన్ కొట్టలె. గసొంటోన్ని ఎసొంటోడో తెల్వదంటే నా కండ్లు పోతయ్."

హాలులో ఎవరో ముక్కు చీదుకున్నారు. తర్వాత టైపు మిషను చప్పుడు వినిపించింది. 'సాక్షి కన్నుల ఎదుటనే ముద్దాయి బాధితురాలిని మోటారు సైకిలుపై తరలించెను. ఆనవాలు తెలియకుండుటకై ఆమె తలకు శిరస్త్రాణము తొడిగించెను. సాక్షిని ఏమార్చు దురుద్దేశముతో నిశ్శబ్దము పాటించెను.'

అప్పటిదాకా ఆ కేసులో ప్రత్యక్ష సాక్షి లేడు. ఆ లోటును భిక్షం ప్రేమతో పూడ్చాడు.

ఉమారాణి లేచి వాయిదాల సూపరింటెండెంట్ రాంచందర్ బల్ల దగ్గరికి వెళ్లింది. అతను మర్యాదస్తుడు. ఎవరినీ కూర్చోమనడు గాని, నిలబడ్డవారిని పొమ్మనడు.

"సారూ, నన్ను అడుగుండ్రి, నేను చెప్త. గా ఉమారాణిని నేనే."

రాంచందర్ ఫైలు తిరగేశాడు. "బాధితురాలు ఇంకా దొరకలేదమ్మా. కేతేపల్లి చిరునామాకు సమన్లు పోయినయ్, ఇల్లు విడిచిపోయినదని వాపసొచ్చినయ్."

"గీడనే నిలవడ్డ గద సారూ."

"నిలబడ్డరు, కాదంటలేను. కాని దొరకలేదు. నిలబడుడు మీ పని, దొరుకుడు పోలీసుల పని."

"మరి దొరికితే?"

"నిబంధన ప్రకారం తండ్రికి అప్పజెప్తరు. కేసు తేలేదాంక ముద్దాయి ఇంటి దిక్కు పోవద్దు." అతను వచ్చే నెలలో ఒక తేదీ రాసి ఇచ్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. ఈడ ఏ కేసూ ఎక్కడికీ పోదు."

వరండాలో నవీన్‌కుమార్ టిఫిన్ డబ్బా మూత తీసి, తినకుండా మళ్లీ పెట్టాడు. భిక్షం గొంగడి అంచు నలుపుతున్నాడు.

"మంచిగనే చెప్పిన గదనే బిడ్డా?"

"మంచిగనే చెప్పినవ్ నాయినా. గంత మంచిగ ఈయన గురించి ఎవ్వరు చెప్పలె."

ఆ మాట అబద్ధం కాదు. పోలీసులు, వకీళ్లు ఇన్నాళ్లూ అడిగినవన్నీ ఆమె లెక్కవేసుకుంది. బండి ఏ రంగుదో అడిగారు, ఏ దారిన పోయిందో అడిగారు, అతను ఏ చొక్కా వేసుకున్నాడో అడిగారు. బస్సులో ఆమె తనను తాను అడిగిన ప్రశ్న మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గర చెప్పాలి?

ఉమారాణి చప్పున లేచింది. "లే."

"యాడికి?" అన్నాడు నవీన్‌కుమార్.

"ఠాణాకు. నువ్వేం మాట్లాడకు. భయంతోని బుగులువడ్డట్టుండు."

ఠాణా కోర్టు ప్రహరీని ఆనుకునే ఉంది. హెడ్ కానిస్టేబుల్ ఐలేశం చాయ్ తాగుతున్నాడు.

"సారూ, గా పొద్దు ఈయన నన్ను తీస్కపోలె. నేనే ఈయన్ను తీస్కపోయిన. ఫోన్ జేసింది నేను. యాడికి పోవాల్నో చెప్పింది నేను. రాసుకోండ్రి."

ఐలేశం చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "బెదిరిచ్చినవా?"

"రాకుంటె మీ ఇంటికే వస్తనన్న."

ఐలేశం నవీన్‌కుమార్ వైపు తిరిగాడు. "గంత మాటంటే భయపడ్డవా?"

"శానా భయపడ్డ సారూ," అన్నాడు నవీన్‌కుమార్ నిజాయితీగా.

"అయితె గా కేసుల ఈమె ముద్దాయి, నువ్వు బాధితునివి."

"బాధితునికి కొలువుల చేరేటందుకేమన్న అడ్డమా సారూ?" అని ఉమారాణి అడిగింది.

"బాధితునికి అడ్డమెందుకుంటదమ్మా? సానుభూతి ఉంటది." ఐలేశం ముద్దాయిల కాగితం తీసి గడులు నింపుకుంటూ వచ్చాడు. చివరి గడి దగ్గర కలం ఆగింది. "ఎవరి ఇష్టంతోటి జరిగింది?"

"నా ఇష్టంతోని," అని ఉమారాణి సంతకం పెట్టింది.

ఇన్నేళ్లలో ఆమె ఇష్టాన్ని రాష్ట్రం మారు మాటాడకుండా రాసుకోవడం అదే మొదటిసారి. ముద్దాయి నేరం ఒప్పుకున్నదని కింద ముద్ర వేశారు.