మంచం కింద జనరల్ గారు

ఇవాళ ఒక్క ప్రాణినీ వంటింట్లో నిలవనివ్వకూడదని డోరిస్ పొద్దున్నే ఒట్టు పెట్టుకుంది.

అమెరికాలో, ఒహాయోలోని ఒక చిన్న ఊరిని కట్టించిన జనరల్ థార్న్ గారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. చూడవచ్చిన జనానికి అక్కడ పాతకాలపు మనుషుల్లా నటించి చూపిస్తారు. అందులో డోరిస్‌ది జనరల్ భార్య వేషం. ఆమె సొంత మొగుడు హార్వే జనరల్. కొత్తగా వచ్చిన ట్రూడీ వంటమనిషి. "తెల్లారకముందే దొరగారు బూట్లు చేత్తో పట్టుకుని, అమ్మగారికి తెలీకుండా నా ఆపిల్ కేకు కోసం వచ్చేవారండీ!" అని ట్రూడీ గుసగుసగా చెబుతుంటే జనం అక్కడే అతుక్కుపోతున్నారు. జనరల్ సంగతేమో గానీ హార్వే మాత్రం రోజూ ఆ పనే చేస్తున్నాడు. అదీ డోరిస్ మంట.

పైగా ఊరి పండుగ ఊరేగింపులో, గుర్రబ్బండిలో జనరల్ పక్క సీటు ఇన్నేళ్లూ ఆమెదే. ఈసారి జనం ఎవరి దగ్గర ఎక్కువ చేరుతున్నారో చూసి, దాన్ని ఎవరికివ్వాలో తేల్చడానికి కమిటీ పెద్ద మిసెస్ పెన్నింగ్టన్ ఇవాళ వస్తోంది. మూసే గంట కొట్టేదాకా ఎవరి నోటా ఈ కాలపు మాట రాకూడదన్నది అక్కడి నియమం. మాట జారితే సీటు పోయినట్టే.

ఆవిడ రాగానే డోరిస్ పడకగదిలోంచి కేకేసింది. "అసలు రహస్యం ఇక్కడుంది, రండి! ఫిరంగులకి బెదరని మా ఆయన ఉరుము వింటే హడలిపోయి ఈ మంచం కింద దూరేవారు. నేను చెయ్యి పట్టుకుంటే గానీ బయటికొచ్చేవారు కాదు!"

వంటిల్లు ఖాళీ అయింది. డోరిస్ కడుపు చల్లబడింది.

"ఏదీ, ఒకసారి దూరమనండి!" అన్నారు జనం. మూతి తుడుచుకుంటూ వచ్చిన హార్వేని డోరిస్ మంచం కిందికి తోసింది. దూరాడు గానీ తిరిగి రాలేకపోయాడు. మూడు నెలలుగా తిన్న కేకంతా నడుం దగ్గర అడ్డుపడింది.

"శ్రీమతిగారూ, ఇరుక్కుపోయాను!"

జనం చప్పట్లు కొట్టారు.

"భయపడకండి, ఉరుములు తగ్గిపోతాయి" అంది డోరిస్, చెయ్యి పట్టుకుని లాగుతూ.

ట్రూడీ పరుగెత్తుకొచ్చింది. "దొరగారూ, నడుముకి కాస్త వెన్న రాయనా?"

"నా మొగుడికి నేను రాసుకుంటాను. నువ్వెళ్లి నీ పొయ్యి చూసుకో!"

ట్రూడీ కదల్లేదు, రెండో చెయ్యి పట్టుకుంది. ఊపిరాడట్లేదని హార్వే మొత్తుకుంటే, ఎంత బాగా నటిస్తున్నాడో అని జనం మురిసిపోయారు. ఫైర్ ఇంజన్ వాళ్లకి ఫోన్ చెయ్యాలని ఆడవాళ్లిద్దరికీ తెలుసు. 'ఫోన్' అన్నవాళ్లకి బండి లేదనీ తెలుసు. మొదట అవతలిదే నోరు జారుతుందని ఇద్దరూ కాచుకుని కూర్చున్నారు.

"మీ ఇద్దరికీ దణ్ణం పెడతా, ఎవరైనా ఫోన్ చెయ్యండే!" అని చివరికి జనరలే గావుకేక పెట్టాడు.

ఫైర్ ఇంజన్ వచ్చి మంచం ఎత్తాక మిసెస్ పెన్నింగ్టన్ తీర్పు చెప్పింది. నియమం తప్పింది జనరల్ ఒక్కడే, కాబట్టి అతను నడిచి రావాలి. బండిలో ఉన్న రెండు సీట్లూ నియమం తప్పని ఇద్దరికీ.

ఊరేగింపు రోజున డోరిస్ జనానికి చెయ్యి ఊపుతూ బండిలో కూర్చుంది. పక్కన ట్రూడీ, ఒళ్లో కేకు. "ఒక్క ముక్క తినండి అమ్మగారూ" అంది. కాదనడానికి వీల్లేదు, ఊరంతా చూస్తోంది. డోరిస్ తింది.

కేకు నిజంగానే చాలా బాగుంది. వెనక నడుస్తున్న హార్వేని ఆమె అప్పుడు అస్సలు క్షమించలేకపోయింది.